చిన్న ఆఫీసుకు కేబులా, వైఫైనా?

అమీర్‌పేట_లెక్కలు: మైత్రీవనం దగ్గర మూడో అంతస్తు అద్దెకు తీసుకుని అకౌంట్స్ ఆఫీసు పెడుతున్నాం. ఎనిమిది కంప్యూటర్లు, ఒక ప్రింటర్. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ డేటా ఒక కంప్యూటర్‌లో ఉంటుంది, అందరూ దాన్నే తెరిచి పని చేస్తారు. కేబుల్ లాగించాలా, వైఫై సరిపోతుందా?

తీగపని: కేబులే. మీ చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఫోన్లో చూడండి, పక్కవాళ్ల వైఫై పేర్లతో తెర నిండిపోతుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డు తగలని ఛానళ్లు మూడే: 1, 6, 11. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువే కానీ, గోడ అడ్డొస్తే సిగ్నల్ త్వరగా పడిపోతుంది. క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా సెకనుకు 1 గిగాబిట్ నిలకడగా ఇస్తుంది.

సికింద్రాబాద్_దుకాణం: మా ఆఫీసు మొత్తం వైఫై మీదే చవకగా నడుస్తోంది. ఇంటర్నెట్ ప్లానే 200 మెగాబిట్లయితే గిగాబిట్ కేబుల్ ఏం చేసుకోను?

తీగపని: ఇంటర్నెట్ వేరు, ఆఫీసు లోపలి నెట్‌వర్క్ వేరు. ఆ ట్యాలీ డేటా వచ్చేది పక్క బల్ల మీది కంప్యూటర్ నుంచే. వైఫైలో ఒక ఛానల్‌ను అందరూ వంతులు వేసుకుని వాడాలి. స్విచ్‌కు (కేబుళ్లన్నీ గుచ్చే నెట్‌వర్క్ పెట్టెకు) కలిపితే ఎవరి కేబుల్ వారిదే.

సికింద్రాబాద్_దుకాణం: వైఫై 6లో ఒకేసారి పలు పరికరాలకు పంపవచ్చు. అయినా గోడలకు కన్నాలు ఎవరు పూడుస్తారు? బేగంపేటలో ఆఫీసు ఖాళీ చేసినప్పుడు కన్నాలు చూపించి యజమాని మా అడ్వాన్సులో కోత పెట్టాడు.

కొత్తసభ్యుడు: కేబుల్ ఎక్కడ కొన్నా చివర చాకుతో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది అసలు రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత.

తీగపని: కన్నాలెందుకు? గోడ మీద పీవీసీ కేసింగ్ (కేబుల్‌ను లోపల పెట్టే ప్లాస్టిక్ పట్టీ) వేస్తే చాలు. మీరు కన్నాల దగ్గరే ఆగిపోతున్నారు!

సికింద్రాబాద్_దుకాణం: పోయింది నా డబ్బు కాబట్టి.

ఇరవయ్యో_తేదీ: నేను ఇలాంటి ఆఫీసులోనే అకౌంటెంట్‌ని. 20వ తేదీ నెలవారీ జీఎస్టీ రిటర్న్, అంటే జీఎస్టీఆర్-3బి గడువు. ఆ సాయంత్రం ఎంట్రీ మధ్యలో వైఫై తెగితే ట్యాలీ మూసి, మళ్లీ తెరిచి, ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో ఒక్కొక్క వోచరూ సరిచూడాలి. సార్ ఏడింటికే వెళ్లిపోతారు, మేము చివరి మెట్రో కోసం పరుగెత్తుతాం. వైఫై చవక అంటున్నారే, ఎవరి లెక్కలో?

సికింద్రాబాద్_దుకాణం: అద్దె, జీతాలు ఒకటో తేదీకి ఇచ్చేది మేము. ఆ మాట కూడా రాయండి.

ఇరవయ్యో_తేదీ: జీతం తొమ్మిది గంటల పనికి. తెగిపోయే వైఫైకి కాపలా కాసినందుకు ఎవరూ ఇవ్వడం లేదు.

తీగపని: ఆ అకౌంటెంట్ అడిగినదానికి జవాబు చెప్పండి, దుకాణం గారూ.

అమీర్‌పేట_లెక్కలు: యజమానిని అడిగాను. కేసింగ్‌కు ఒప్పుకున్నారు, కన్నాలు వద్దన్నారు. కంప్యూటర్లన్నిటికీ కేబుల్, ఫోన్లకు వైఫై. ఎనిమిది పోర్టుల స్విచ్ చాలా?

తీగపని: చాలదు. ప్రింటర్‌కు ఒకటి, రూటర్‌కు ఒకటి పోతే మిగిలేవి ఆరే. పదహారు పోర్టులది తీసుకోండి.

సికింద్రాబాద్_దుకాణం: కేసింగ్ ఊడదీస్తే రంగు పెచ్చులు లేస్తుంది. అది ఎవరి ఖర్చో అద్దె ఒప్పందంలో ముందే రాయించుకోండి.