సమస్య: చెడ్డ యన్న మాట చెలువ మయ్యె

నిర్వాహకుడు: ఆటవెలది చివరి పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. విషయం ఇంగ్లిష్ 'స్లిమ్మెస్ట్', అంటే అందరిలోకీ సన్నగా, నాజూగ్గా ఉన్న అని. పుట్టుక చూస్తే 'స్లిమ్' అంత మంచి మాట కాదు. పాత డచ్చిలో వంకర, చెడ్డ అని అర్థం. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. కానివ్వండి.

కలహంస:
డచ్చి నేల నుండి వచ్చినట్టి పదము
ఇంగిలీషు చేరి యింపు నొందె
నడుము సన్నమైన నాజూకు చూపగా
చెడ్డ యన్న మాట చెలువ మయ్యె

నిర్వాహకుడు: డచ్చి–వచ్చి ప్రాసయతి హాయిగా ఉంది. కానీ స్లిమ్ అని ఒక్క నడుమునే అనరు, మొత్తం మనిషిని అంటారు. కావ్యనాయికల అలవాటు చొరబడింది! 'మేను సన్నమైన మెరుపును జూపగా' అంటే యతీ నిలుస్తుంది.

మధుకరం:
ఒక్క తల్లి బిడ్డ లూరూర వేరైరి
జర్మనులకు చెడ్డ, జాణ డచ్చి
ఆంగ్ల సీమ లోన నందాల పేరాయె
చెడ్డ యన్న మాట చెలువ మయ్యె

జర్మన్‌లో 'శ్లిమ్' ఇప్పటికీ చెడ్డదే. డచ్చిలో మాత్రం తెలివైన అనే అర్థానికి మళ్లింది. దక్షిణాఫ్రికా ప్రధాని యాన్ స్మట్స్‌ని 'స్లిమ్ యానీ' అనేవారు, సన్నగా ఉన్నందుకు కాదు, జిత్తులమారి అని.

కలహంస: స్మట్స్ సంగతి భలే ఉంది. రెండో పాదంలో 'డచ్చికి' అనాలి కదండీ? 'కి' పెడితే గణంలో ఒక అక్షరం మిగులుతుంది, తీస్తే అన్వయం తెగుతుంది.

నీలాంబరి: అందరూ స్లిమ్ దగ్గరే ఆగిపోయారు. 'ఎస్ట్' సంగతేంటి?

మిన్న చెప్పు తోక మెరిసె నెస్టని చేరి
ఇష్ఠ తోడబుట్టు వెస్టు కాదె
స్లిమ్ము పక్క చేర సిసలైన సన్నమై
చెడ్డ యన్న మాట చెలువ మయ్యె

నిర్వాహకుడు: రెండో పాదానికి చప్పట్లు! శ్రేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠల్లోని 'ఇష్ఠ'కీ ఇంగ్లిష్ 'ఎస్ట్'కీ మూలం ఒకటే. సంస్కృత వ్యాకరణంలో పాణిని 'అతిశాయనే తమబిష్ఠనౌ' (అందరినీ మించడం చెప్పాలంటే 'తమ', 'ఇష్ఠ' చేరతాయి) అన్న సూత్రంలో ఉన్నది ఈ ప్రత్యయమే. స్లిమ్‌ని వదిలి 'థిన్నెస్ట్' తీసుకుంటే ఇంకా తమాషా: 'థిన్' సన్నని అనే అర్థమున్న సంస్కృత 'తను'కి చుట్టం, కాబట్టి మొదలూ తోకా కలిపి అది అచ్చంగా సంస్కృత 'తనిష్ఠ'. అయితే నీలాంబరి గారూ, మీ మూడు పాదాల్లో చెడు ఊసే లేదు, సమస్య గాల్లో వేలాడుతోంది. 'చేరి', 'చేర' రెండుసార్లు పడ్డాయి కూడా. విషయం మీది గట్టిది, పూరణగా మాత్రం 'కి' లేకపోయినా మధుకరం గారిదే పైచేయి.