మూడు తీగల జాజ్ కార్డులు: రిథమ్ గిటారుకు ఎలా సాధన చేయాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. నేను కావలిలో మా చర్చి గాయక బృందంలో ఆరేళ్లుగా రిథమ్ గిటారు వాయిస్తున్నాను. ఓపెన్ కార్డులు (కొన్ని తీగలను నొక్కకుండా వదిలి పట్టే స్వరాల గుత్తులు), బారే కార్డులు (ఒకే వేలిని తీగల మీద అడ్డంగా నొక్కి పట్టేవి) ఇబ్బంది లేకుండా పట్టగలను. గత క్రిస్మస్ నుంచి మా బృందంలో కీబోర్డు వాయించే ఒక అన్నయ్య, ఒక బేస్ గిటారిస్టు చేరారు. అన్నయ్య పాత కీర్తనలకే కొత్తగా కార్డులు కూరుస్తూ ఒక్కో బార్‌లో (నాలుగు దెబ్బల తాళ ఖండంలో) రెండేసి, కొన్నిచోట్ల నాలుగేసి పెడుతున్నారు. అవి చాలావరకు మేజర్ సెవెన్, మైనర్ సెవెన్, మామూలు సెవెన్ కార్డులే. వాటన్నిటికీ పూర్తి బారే పట్టి ఆరు తీగలూ మోగించేసరికి, "నీ గిటారు నా ఎడమ చేతి మీద పడుతోంది తమ్ముడూ, పాడేవాళ్ల మాటలు మునిగిపోతున్నాయి" అని ఆయన రిహార్సల్‌లో అన్నారు. రికార్డు చేసుకుని విన్నాను, ఆయన చెప్పింది నిజమే. పైగా అరగంట గడిచేసరికి ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతోంది.

జాజ్ రిథమ్ గిటారిస్టులు మూడే తీగల మీద చిన్న కార్డులు పట్టి, అదే ఆకారాన్ని మెడ పొడవునా జరుపుతూ వాయిస్తారని విన్నాను. ఏ మూడు తీగలు? మధ్యలో మోగకూడని తీగను ఎలా ఆపాలి? ఆకారాలు బట్టీ పట్టడం కాకుండా వాటి వెనుక ఉన్న లెక్క ఎవరైనా వివరిస్తే మేలు చేసినవారవుతారు.

జవాబు 1 (ఒంగోలు నుంచి)

మీరు లెక్క అడిగారు కనుక ముందు అదే చెబుతాను. మన కర్ణాటక స్వరాల పేర్లతో చెబితే ఇది తేలికగా మనసుకెక్కుతుంది. ఏ సెవెన్ కార్డుకైనా షడ్జం, అంటే ఆ కార్డు మూల స్వరం, పేరునిస్తుంది, గాంధారం, నిషాదం రెండూ కలిసి దాని స్వభావాన్ని నిర్ణయిస్తాయి. అంతర గాంధారం, కాకలి నిషాదం ఉంటే మేజర్ సెవెన్. అంతర గాంధారం, కైశికి నిషాదం ఉంటే మామూలు సెవెన్. సాధారణ గాంధారం, కైశికి నిషాదం ఉంటే మైనర్ సెవెన్. పంచమం ఈ మూడింటిలోనూ ఒకటే కాబట్టి అది వినపడకపోయినా కార్డు ఏదో చెవి పోల్చుకుంటుంది. అందుకే దాన్ని వదిలేస్తారు. బారే కార్డులో మీరు పంచమాన్నీ షడ్జాన్నీ రెండేసి సార్లు మోగిస్తున్నారు, అన్నయ్యగారి ఎడమ చేతికి అడ్డం పడుతున్నవి ముఖ్యంగా ఆ అదనపు స్వరాలే.

ఇక తీగలు. అన్నిటికంటే లావుది 6వ తీగ, సన్ననిది 1వ తీగ. మెడ మీది అడ్డ కడ్డీల మధ్య గడులే ఫ్రెట్లు, తల వైపు నుంచి లెక్కించాలి. షడ్జం 6వ తీగ మీద ఉన్నప్పుడు 6, 4, 3 తీగలు మోగాలి. జి సెవెన్‌కు 6వ తీగ 3వ ఫ్రెట్, 4వ తీగ 3వ ఫ్రెట్, 3వ తీగ 4వ ఫ్రెట్ నొక్కండి. ఇందులో 4వ తీగ మీదది నిషాదం, 3వ తీగ మీదది గాంధారం. గాంధారాన్ని ఒక ఫ్రెట్ దించి మూడింటినీ 3వ ఫ్రెట్ మీదే పడితే జి మైనర్ సెవెన్ అవుతుంది. జి సెవెన్‌లో నిషాదాన్ని ఒక ఫ్రెట్ పెంచితే జి మేజర్ సెవెన్, అదే నిషాదాన్ని ఒక ఫ్రెట్ తగ్గించి 2వ ఫ్రెట్‌కు తెస్తే జి సిక్స్. ఇలా ఒక్కో వేలు ఒక్కో ఫ్రెట్ కదలడంతో నాలుగు కార్డులు వచ్చాయి. మొత్తం ఆకారాన్ని రెండు ఫ్రెట్లు పైకి జరిపితే ఇవే ఎ కార్డులు.

షడ్జం 5వ తీగ మీద ఉన్నప్పుడు 5, 4, 3 తీగలు మోగాలి. ఇక్కడ గాంధారం 4వ తీగ మీదకు, నిషాదం 3వ తీగ మీదకు వస్తాయి, అంటే పై ఆకారంతో పోలిస్తే స్థానాలు తారుమారవుతాయి. సి సెవెన్‌కు వరుసగా 3, 2, 3 ఫ్రెట్లు, సి మేజర్ సెవెన్‌కు 3, 2, 4, సి మైనర్ సెవెన్‌కు 3, 1, 3.

ఈ తారుమారులోనే అసలు సుఖం ఉంది. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అనే వరుసను తీసుకుందాం, జాజ్‌లో అడుగడుగునా వచ్చే వరుస ఇది. డి మైనర్ సెవెన్‌ను 5, 4, 3 తీగల మీద 5, 3, 5 ఫ్రెట్లలో పట్టండి. అక్కడి నుంచి జి సెవెన్‌కు వెళ్లేటప్పుడు 4వ తీగ మీది స్వరం వేలు మారినా కదలదు, 3వ తీగ మీది స్వరం మాత్రం ఒక ఫ్రెట్ దిగుతుంది. జి సెవెన్‌ను మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేళ్లతో పట్టారనుకుంటే, సి మేజర్ సెవెన్‌కు చిటికెన వేలు 3వ తీగ 4వ ఫ్రెట్ మీద ఉన్నచోటే ఉంటుంది. మధ్యవేలు 6వ తీగ నుంచి 5వ తీగకు దిగుతుంది, ఉంగరపు వేలు లేచి, చూపుడు వేలు 4వ తీగ 2వ ఫ్రెట్ మీదకు వస్తుంది. 4, 3 తీగలను మాత్రమే ఒకసారి నెమ్మదిగా మీటి వినండి. ప్రతి మార్పులోనూ ఒక స్వరం నిలిచి, రెండోది అర స్వరం దిగుతుంది. కార్డులు ఇంత వేగంగా మారుతున్నా వినడానికి ఒకే పాటలా ఉండడానికి కారణం అదే. ఆకారాలను విడివిడిగా బట్టీ పట్టినవారికి ఈ రెండు స్వరాల నడక వినపడదు, అందుకే నేను నేర్పేటప్పుడు ఈ రెండు తీగలనే వారం రోజులు వాయింపజేస్తాను.

మోగకూడని తీగ సంగతి. జి సెవెన్‌లో 6వ తీగను నొక్కిన మధ్యవేలి కొసను పక్కనున్న 5వ తీగకు ఆనించండి. నొక్కవద్దు, తగిలితే చాలు. 3వ తీగ మీది వేలు కొంచెం వాలి 2, 1 తీగలను తాకుతూ ఉండాలి. షడ్జం 5వ తీగ మీదకు వచ్చినప్పుడు అదే మధ్యవేలి కొస 6వ తీగను తాకి ఆపుతుంది. అప్పుడు కుడిచేతితో ఆరు తీగల మీదా నిర్భయంగా మీటవచ్చు.

జవాబు 2 (నెల్లూరు నుంచి)

పై మిత్రులు ఎడమ చేతి గురించి చక్కగా చెప్పారు, నేను కుడిచేతి గురించి చెబుతాను. నెల్లూరులో పెళ్లిళ్లకు, సభలకు ఆర్కెస్ట్రాల్లో ఇరవై ఏళ్లకు పైగా రిథమ్ వాయించాను.

ఈ పద్ధతికి పెద్ద దిక్కు ఫ్రెడ్డీ గ్రీన్. ఆయన 1937లో అమెరికా జాజ్ బృందమైన కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో చేరి, 1987లో కన్నుమూసే వరకు దాదాపు యాభై ఏళ్లు అక్కడే రిథమ్ గిటారు వాయించారు. అంతమంది ట్రంపెట్లు, ట్రాంబోన్లు, సాక్సఫోన్ల నడుమ ఆయన వాయించింది ప్రధానంగా అకూస్టిక్ గిటారే. బార్‌కు నాలుగు మీటులు, నాలుగూ కిందికే. మీటిన వెంటనే ఎడమ చేతి పట్టును కొద్దిగా సడలిస్తే శబ్దం తెగుతుంది, వేళ్లు మాత్రం తీగల మీదే ఉంటాయి. ఈ తెగడం సమంగా ఉండాలి. ఆయన రికార్డింగులను శ్రద్ధగా వింటే చాలాచోట్ల 4వ తీగ మీది ఒక్క స్వరమే స్పష్టంగా వినపడుతుంది, మిగిలిన తీగలు తాళపు చప్పుడుగా మాత్రమే పలుకుతాయి.

మెట్రోనోమ్‌ను (సమంగా తాళపు చప్పుడు చేసే పరికరాన్ని) నిమిషానికి 60కి పెట్టి, దాని చప్పుడును 2, 4 దెబ్బలుగా భావించి వాయించండి. అంటే మీ వేగం నిమిషానికి 120 దెబ్బలు. మొదటి రెండు రోజులు చప్పుడు 1, 3 మీదకు జారిపోతుంది, కంగారు పడకండి.

కావలి

ఇద్దరికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. పది రోజులుగా ఇదే సాధన చేస్తున్నాను. నొప్పి తగ్గింది, నిన్నటి రిహార్సల్‌లో పాడేవాళ్ల మాటలు స్పష్టంగా వినిపించాయి. మూడు సందేహాలు మిగిలాయి. సి మైనర్ సెవెన్‌లో 3, 1, 3 ఫ్రెట్లకు వేళ్లు చాచడం కష్టంగా ఉంది. ఒక కీర్తన చివర మేజర్ సెవెన్ పడితే పాడేవారి శ్రుతికి ఒరుసుకుంటున్నట్టు ఉంది. బేస్ గిటారు ఎలాగూ షడ్జం వాయిస్తోంది కదా, నేనూ దాన్ని వాయించాలా?

జవాబు 1 (ఒంగోలు నుంచి)

సి మైనర్ సెవెన్‌ను 6వ తీగ మీదకు మార్చండి. 6, 4, 3 తీగలు మూడూ 8వ ఫ్రెట్‌లోనే ఉంటాయి, అక్కడ ఫ్రెట్ల మధ్య దూరం కూడా తక్కువ. ప్రతి కార్డుకూ ఇలా రెండు చోట్లు ఉన్నాయి కనుక, ముందున్న కార్డుకు దగ్గరగా ఉన్న చోటును ఎంచుకోవడం అలవాటు చేసుకోండి.

మీ చెవి సరిగ్గానే పట్టింది. పాడేవారు షడ్జం మీద నిలిచినప్పుడు కార్డులోని కాకలి నిషాదం దానికి అర స్వరం దూరంలో ఉండి ఒరుసుకుంటుంది. అటువంటి ముగింపుల్లో సిక్స్ కార్డు పట్టండి. సి సిక్స్ కావాలంటే 6వ తీగ 8వ ఫ్రెట్, 4వ తీగ 7వ ఫ్రెట్, 3వ తీగ 9వ ఫ్రెట్.

షడ్జాన్ని బేస్ గిటారుకు వదిలి 4, 3 తీగలు మాత్రమే మోగించవచ్చు, మీ బృందానికి అదే మంచిదని నా అభిప్రాయం. అయితే వేళ్లను మాత్రం మూడు తీగల మీదా పెట్టండి, లేకపోతే ఏ కార్డులో ఉన్నారో కొన్నాళ్లకు మీకే తెలియకుండా పోతుంది. పంచమం తగ్గే మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్ దగ్గర ఈ రెండు తీగలు చాలవు, తగ్గిన పంచమాన్ని 2వ తీగ మీద కలపాలి. బి మీద అయితే 6, 4, 3 తీగలు 7వ ఫ్రెట్‌లో, 2వ తీగ 6వ ఫ్రెట్‌లో.

ఇంకొక విషయం కూడా ఈ రెండు తీగల్లోనే దాగి ఉంది. జి సెవెన్‌లోని ఆ రెండు స్వరాలను కదపకుండా, కింద షడ్జాన్ని మాత్రం 5వ తీగ 4వ ఫ్రెట్‌కు మార్చండి. అది డి ఫ్లాట్ సెవెన్ అవుతుంది. జి కి గాంధారమైన స్వరం దీనికి నిషాదమవుతుంది, నిషాదమైనది గాంధారమవుతుంది. డి మైనర్ సెవెన్, డి ఫ్లాట్ సెవెన్, సి మేజర్ సెవెన్ అని వాయిస్తే 5వ తీగ మీద 5, 4, 3 ఫ్రెట్లు మెట్లు దిగినట్టు వస్తాయి. దీన్ని రిహార్సల్‌లో ప్రయత్నించే ముందు మీ బేస్ గిటారిస్టుకు, కీబోర్డు అన్నయ్యగారికి చెప్పి ఒప్పించండి. మీరు వాయించే రెండు తీగలు ఎలాగూ మారవు, మారవలసింది బేస్ గిటారిస్టు వాయించే ఆ ఒక్క స్వరమే.