బెంగళూరు రామనవమి కచేరీలకు అమ్మను తీసుకెళ్ళాలి, ఎలా వెళ్తే బాగుంటుంది?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి మూడేళ్ళయింది, సర్జాపూర్ రోడ్డులో ఉంటున్నాం. ఈ వేసవికి అమ్మ మా దగ్గరికి వస్తోంది. నాన్న పోయాక ఇల్లు కదలడం ఇదే మొదటిసారి. చిన్నప్పుడు ఆరేళ్ళు సంగీతం నేర్చుకుందట, పెళ్ళయ్యాక మానేసింది. పొద్దున్న రేడియోలో కచేరీ వస్తే మాత్రం స్టవ్ తగ్గించి, గరిటె చేతిలోనే పట్టుకుని నిలబడి వినేది.

ఇక్కడ ఫోర్ట్ హైస్కూల్ గ్రౌండ్‌లో రామనవమికి నెల రోజుల పాటు కచేరీలు జరుగుతాయని ఆఫీసులో ఒకాయన చెప్పారు. నాకు సంగీతం ఏమీ తెలియదు. ఎప్పుడు మొదలవుతాయి? టికెట్ కొనాలా? మోకాళ్ళ నొప్పులున్న మనిషి మూడు గంటలు కూర్చోగలదా? అన్నిటికంటే పెద్ద టెన్షన్, చుట్టూ అంతా కన్నడవాళ్ళే ఉంటే అమ్మకి కొత్తగా, ఒంటరిగా అనిపిస్తుందేమోనని. వెళ్ళినవాళ్ళు కాస్త చెప్పండి.

తెనాలమ్మాయి:

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే నేనూ అదే భయంతో వెళ్ళాను.

1998లో పెళ్ళయి చామరాజపేటలో కాపురానికి వచ్చాను. కన్నడం ఒక్క ముక్క రాదు. ఏప్రిల్ నెల, ఇంట్లో ఉక్క. మా అత్తగారు "పద, రాముడి పందిట్లో కూర్చుందాం" అని తీసుకెళ్ళారు. వెళ్ళి కూర్చున్నాను. గాయకుడు తమిళాయన, వయొలిన్ ఆయనది మైసూరు, చుట్టూ వింటున్నవాళ్ళంతా కన్నడవాళ్ళు. వేదిక మీద నుంచి వచ్చే ప్రతి మాటా తెలుగు! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. త్యాగరాజస్వామి తిరువయ్యారులో కూర్చుని రాముడితో మాట్లాడుకున్న మాటలు, మా తాతగారు తెనాలిలో మంచం మీద పడుకుని కూనిరాగం తీసిన మాటలు, ఇక్కడ ఇంతమంది తల ఊపుతూ వింటున్నారు. ఆ రోజు తర్వాత ఈ ఊరు నాకు పరాయి ఊరు కాలేదు.

ఇంకోటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం నా పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చునేవారు. తెల్ల పంచె, ఒళ్ళో అట్ట చిరిగిన రూళ్ళ పుస్తకం. అందులో కీర్తనలన్నీ కన్నడ లిపిలో నీలి సిరాతో రాసుకున్నారు, ఒక్కో పేజీ మూలన రాగం, తాళం. ఆ రోజు కుంతలవరాళి రాగంలో త్యాగరాజ కీర్తన మొదలైంది. మొదటి మాటే 'చెంతనే'. నేను తెలుగుదాన్నని తెలిసి ఆయన పేజీ నా వైపు తిప్పి, ఆ మాట మీద వేలు పెట్టి, "చింతె అంటే దిగులే కదమ్మా? మరి రాగం ఇంత హుషారుగా ఉందేం?" అని అడిగారు. 'చెంత అంటే దగ్గర అండీ, హత్తిర. నన్ను ఎప్పుడూ నీ దగ్గరే ఉంచుకోవయ్యా అంటున్నాడు' అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి ఆ మాట కింద 'హత్తిర' అని రాసుకున్నారు. అప్పటి నుంచి రోజూ నా కోసం కుర్చీ ఆపి ఉంచేవారు, రోజూ రెండు మూడు మాటలు అడిగేవారు. మీ అమ్మగారికి అక్కడ ఒంటరితనం ఉండదు బాబూ. తెలుగు తెలిసిన మనిషి పక్కన కూర్చుంటే వాళ్ళకి పండగ.

ఇక మిగతావి. ఈ కచేరీలు నడిపేది శ్రీ రామసేవా మండలి, 1939 నుంచి నడుస్తున్నాయి. ఎస్.వి. నారాయణస్వామిరావు గారు మొదలుపెట్టారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు, మన బాలమురళి గారు, అటు భీమ్‌సేన్ జోషి గారు, షెహనాయి బిస్మిల్లా ఖాన్ గారు కూడా ఆ వేదిక మీద కచేరీ చేశారు. తేదీ ఏటా మారుతుంది. 2023లో రామనవమి మార్చి 30న వచ్చింది, 2024లో ఏప్రిల్ 17న, 2025లో ఏప్రిల్ 6న. ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ వచ్చి, అధికమాసం పడగానే మళ్ళీ ముందుకు వెళ్తుంది. అందుకే రైలు టికెట్ చేసే ముందు పంచాంగం చూసుకోండి. ఉగాది దగ్గర పడేసరికి కార్యక్రమాల పట్టిక వచ్చేస్తుంది.

టికెట్ ఉన్న కుర్చీలు ఉంటాయి. అమ్మగారికి మోకాళ్ళు అన్నారు కాబట్టి కొనేయండి, వరుసలో చివరి కుర్చీ అడగండి, కాళ్ళు చాపుకోవడానికి వీలుగా ఉంటుంది. పెద్ద కచేరీ ఆరున్నర ప్రాంతంలో మొదలవుతుంది. కారు తేవద్దు, ఆ మార్కెట్ దగ్గర పార్కింగ్ వెతుక్కునేలోపు మొదట పాడే వర్ణం అయిపోతుంది. జయనగర్ దాకా క్యాబ్‌లో వచ్చి మెట్రో ఎక్కండి, కె.ఆర్. మార్కెట్‌లో దిగి ఆటో. మధ్యాహ్నం ఎంత ఎండగా ఉన్నా గొడుగు మర్చిపోకండి. ఇక్కడ ఏప్రిల్లో సాయంత్రం పూట మామిడి జల్లులు పడతాయి. పందిరి మీద వాన దబదబ పడుతుంటే గాయని, వాన కురిపిస్తుందంటారే, ఆ అమృతవర్షిణి రాగం ఎత్తుకుంది ఒకసారి, జనం లేచి నిలబడ్డారు.

మీకు సంగీతం తెలియదన్నారు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి చాలు. కచేరీ సగం దాటాక పెద్ద కీర్తన పాడి, గాయకుడు ఆగిపోయి, మృదంగానికీ ఘటానికీ వదిలేస్తారు. దాన్ని తని ఆవర్తనం అంటారు. సరిగ్గా అప్పుడే సగం మంది కాఫీకి లేస్తారు. నాకు చాలా బాధగా ఉంటుంది. మీరు లేవకండి. మృదంగం ఆయన ఒక జతి, అంటే ఒక దరువు, వేస్తారు, ఘటం ఆయన అదే తిరిగి చెప్తారు. అది తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒక్కొక్క దెబ్బకి వస్తుంది, అప్పుడు ఇద్దరూ కలిసి ముక్తాయింపు వేస్తారు. అది పడగానే గాయకుడు వదిలేసిన పల్లవి మాటను సరిగ్గా అక్కడే అందుకుంటారు. ఒళ్ళు జలదరిస్తుంది. వేలితో తాళం వేస్తూ చూడండి, అమ్మగారు నేర్పిస్తారు.

మైసూరుమెట్లు:

తెనాలమ్మాయి గారు అంతా చెప్పేశారు. వీలుంటే ఒక శనివారం మైసూరు కూడా రండి. శివరాంపేటలో బిడారం కృష్ణప్పగారి రామమందిరం ఉంది, రామనవమికి కచేరీలు జరుగుతాయి. వయొలిన్ విద్వాంసుడు చౌడయ్యగారి గురువు ఆయన. వెనక వరుసలవాళ్ళకి వినపడటం లేదన్నారని, మైకులు లేని ఆ రోజుల్లో చౌడయ్యగారు నాలుగు తీగల వయొలిన్‌కి ఇంకో మూడు కలిపి ఏడు తీగలతో వాయించారు. ఇక్కడ హాలు చిన్నది. శ్రుతిపెట్టె చప్పుడు కూడా చివరి వరుసకి వినపడుతుంది, బెంగళూరులో లాగా బస్సుల హారన్లు ఉండవు.

కడపగడప:

మే దాకా ఉంటే అమ్మగారిని తిరుపతి తీసుకెళ్ళండి. వైశాఖ పౌర్ణమి అన్నమయ్య జయంతి. తిరుపతిలో అన్నమాచార్య కళామందిరంలో, ఇటు రాజంపేట పక్కన తాళ్ళపాకలో సంకీర్తనలు పాడతారు. తాళ్ళపాకలో 108 అడుగుల అన్నమయ్య విగ్రహం చూడొచ్చు. మా ఎండల సంగతి మీకు తెలుసుగా, పొద్దున్నే చేరుకోండి. కొండ మీద అయితే గుడి ఎదురుగా నాదనీరాజనం మండపంలో సాయంత్రం పాటలుంటాయి, దర్శనం అయ్యాక మెట్ల మీద కూర్చుని వినడానికి టికెట్ అక్కర్లేదు.

గోదారిగట్టు:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి తెనాలమ్మాయి గారి జవాబు మొత్తం అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. 'చెంత' దగ్గరికి వచ్చేసరికి అటునుంచి చప్పుడు లేదు. లైన్ కట్ అయిందనుకున్నాను. తర్వాత మెల్లగా ఆ పల్లవి పాడింది. పాడుతుంటే నేను వినడం నలభై ఏళ్ళలో ఇదే మొదటిసారి. 'అటక మీద ట్రంకు పెట్టెలో నా నోట్సు పుస్తకాలున్నాయి, రేపు పక్కింటి అబ్బాయిని పిలిచి దింపిస్తాను' అంది.

మొదటి శనివారానికే రెండు టికెట్లు కొంటాను. తెనాలమ్మాయి గారూ, మిమ్మల్ని అక్కడ గుర్తుపట్టేదెలా?

తెనాలమ్మాయి:

వేదికకు ఎడమ పక్క, పెద్ద ఫ్యాన్ దగ్గర చూడండి. కుర్చీ కింద స్టీలు మజ్జిగ సీసా ఉంటుంది, ఒళ్ళో రూళ్ళ పుస్తకం ఉంటుంది. ఆ పెద్దాయన పోయాక వాళ్ళ అమ్మాయి ఆ పుస్తకం నాకే ఇచ్చేసింది. అమ్మగారి నోట్సు పుస్తకాలు కూడా తెమ్మనండి.