గొరిల్లా ట్రెక్ పర్మిట్ డబ్బు అడవి పక్క ఊళ్లకి నిజంగా చేరుతుందా?

కొండగాలి:
కొండ గొరిల్లాల ట్రెక్‌కి వెళ్లాలని ఎప్పట్నుంచో ఉంది. పర్మిట్ ధర చూస్తే కళ్లు తిరిగాయి. విదేశీయులకి ఉగాండాలో 800 డాలర్లు, రువాండాలో 1500, అదీ గొరిల్లాల దగ్గర గంటసేపు ఉండడానికి. సరే, డబ్బు ఎలాగో సర్దుకుంటా, కానీ ఇందులో అడవికీ పక్క ఊళ్లకీ పోయేదెంత, టూర్ కంపెనీ జేబులోకి పోయేదెంత? ప్రతి కంపెనీ 'ఎకో', 'రెస్పాన్సిబుల్' అని రాసుకుంటోంది, చూడబోతే నేతిబీరకాయలో నెయ్యి లాగే ఉంది. పైగా ప్యాకేజీలో అక్కడి అడవి జాతి బట్వాల ఊరు, వాళ్ల డాన్సులు కూడా కలిపారు, అదెందుకో మనసుకి ఎక్కట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

అడవిబాట:
ముందు ఒకటి అర్థం చేసుకోండి, పర్మిట్ డబ్బు కంపెనీది కాదు. ఉగాండాలో అక్కడి వన్యప్రాణి సంస్థకి, రువాండాలో ప్రభుత్వ అభివృద్ధి బోర్డుకి వెళ్తుంది, రేంజర్ల జీతాలు, ఉచ్చులు ఏరేసే గస్తీ లాంటివి నడిచేది ఆ ఆదాయంతోనే. రువాండా పార్కుల టూరిజం ఆదాయంలో 10 శాతం చుట్టుపక్కల ఊళ్లకి ఇస్తుంది, 2017 దాకా అది 5 శాతమే. ఉగాండాలో చట్టం ప్రకారం 20 శాతం, కానీ అది పార్కు ఎంట్రీ ఫీజులో వాటా, గొరిల్లా పర్మిట్‌లో కాదు. చాలామంది ఈ రెండూ కలిపేసి చెప్తుంటారు, జాగ్రత్త.

ఫలితం లేదా అంటే ఉంది. కొండ గొరిల్లాల సంఖ్య వెయ్యి దాటింది, 2018లో వాటిని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాబితా నుంచి ఒక మెట్టు కిందికి దించారు. మీరు పట్టి పట్టి అడగాల్సింది మిగతా ఖర్చు గురించి: లాడ్జి ఎవరిది, గైడ్ ఏ ఊరివాడు, జీతం నెలనెలా ఇస్తారా లేక టిప్పుల మీదే బతకాలా. సూటిగా జవాబు రాకపోతే ఇంకో కంపెనీ చూసుకోండి. బ్యాగు తేలిగ్గా ఉన్నా సరే పోర్టర్‌ని పెట్టుకోండి, మధ్యలో ఎవరూ లేకుండా ఊరి మనిషి చేతికి నేరుగా అందే డబ్బు అదే.

రాతిగుట్ట:
పైన చెప్పింది తప్పు కాదు గానీ సగమే చెప్పారు. ఉగాండాలో గొరిల్లాలుండే బ్విండి, ఎంగహింగా అడవుల్ని 1991లో నేషనల్ పార్కులు చేసినప్పుడు, తరతరాలుగా ఆ అడవిలో వేట, తేనె మీద బతికిన బట్వాలని బయటికి పంపేశారు. చాలామందికి ప్రత్యామ్నాయంగా భూమి కూడా ఇవ్వలేదు. గొరిల్లాలు పెరిగాయని చప్పట్లు కొట్టేటప్పుడు ఆ లెక్క కూడా చూడాలి కదా! ఊళ్లకి ఇచ్చే వాటా ఎక్కువగా బడి, రోడ్డు లాంటి వాటికి పోతుంది, భూమే లేని బట్వా కుటుంబానికి అందులో దక్కేది తక్కువ.

ఇక డాన్సు సంగతి. మీకు మనసొప్పకపోతే ఒప్పనట్టే, మానేయండి. వెళ్లాలనుకుంటే మాత్రం ధర ఎవరు పెట్టారు, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది అని అడిగి వెళ్లండి. ఎంగహింగాలో బట్వా ట్రెయిల్ ఉంది, బట్వాలే గైడ్లుగా అడవిలో తిప్పి ఏ చెట్టు మందుకి పనికొస్తుందో, తేనె ఎలా తీస్తారో చూపిస్తారు. బస్సు దిగి ఫొటో కొట్టి వెళ్లిపోవడం కంటే అది చాలా నయం, అయితే పోయిన అడవికి అదేమీ పరిహారం కాదు.

చిట్టడవి:
జలుబు ఉంటే వెళ్లకండి బాబూ, డబ్బు పోయినా సరే. మన దగ్గు గొరిల్లాలకి న్యుమోనియా దాకా తేగలదు. గుంపుకి 8 మందే, 15 ఏళ్లలోపు పిల్లల్ని రానివ్వరు, మాస్క్ వేసుకోవాలి. దూరం పాటించమన్నది కూడా అందుకే. సెల్ఫీ కోసం ఇంకో అడుగు ముందుకి వెయ్యనివ్వమని గైడ్‌కి అదనంగా టిప్ ఆశ చూపించేవాళ్లుంటారు, వాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

సవన్నా_నడక:
గొరిల్లాలే కావాలన్న పట్టు లేకపోతే కెన్యాలో మాసాయి మారా రిజర్వు పక్కనున్న కన్సర్వెన్సీలు, అంటే వన్యప్రాణుల కోసం వదిలిపెట్టిన భూములు, చూడండి. అక్కడ భూమి స్థానిక మాసాయి తెగ కుటుంబాల పేరు మీదే ఉంటుంది, లాడ్జిలు వాళ్లకి కౌలు కడతాయి, సఫారీ వాహనాల సంఖ్య మీద కూడా పరిమితి ఉంటుంది. రిజర్వులో కుదరని నడక సఫారీ, రాత్రి సఫారీ కూడా చెయ్యొచ్చు. లోపం లేకపోలేదు, కోవిడ్‌లో టూరిస్టులు ఆగిపోగానే కౌలు డబ్బుకీ కోత పడింది. టూరిజం ఒక్కదాని మీదే బతుకు పెడితే ఎంత టెన్షనో అప్పుడు తెలిసొచ్చింది.

కొండగాలి:
అందరికీ థ్యాంక్స్ అండి. ఉగాండాకే మొగ్గుతున్నా, డాన్సు తీసేసి బట్వా ట్రెయిల్ పెట్టమని కంపెనీకి రాశాను. లాడ్జి యజమాని ఎవరని అడిగితే ఇంకా నసుగుతున్నారు, చూడాలి. పోర్టర్‌ని ముందే బుక్ చేసుకోవాలా?

అడవిబాట:
అక్కర్లేదండి. పొద్దున బ్రీఫింగ్ చోటే ఉంటారు, రేంజర్‌కి చెబితే చాలు. చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి, టిప్ కంపెనీకి కాకుండా ఆ మనిషి చేతికే ఇవ్వండి.