చర్చ: ఆదివారం కానుక సరే, మిగతా ఆరు రోజులు దేవుడికి కృతజ్ఞత ఎలా చూపిస్తున్నారు?

ఖమ్మం_చెల్లి: అందరికీ వందనాలు. పెళ్ళయి నాలుగు నెలలైంది, ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. కానుక వేస్తున్నాం గానీ వంటగదిలో, ఖర్చులో, టైములో కూడా ఇదంతా దేవుడిదే, మేం గృహనిర్వాహకులం మాత్రమే అన్నట్టు బతకాలనుంది. మీ ఇళ్ళలో ఏం చేస్తారు?

డోర్నకల్_అక్క: మా అమ్మ పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్క కుండలో వేసేది. ముందే, మిగిలాక కాదు. నూకలు వండిన రోజు నూకలే పిడికెడు. ఆదివారం కొంగులో మూటకట్టి తీసుకెళ్ళి గుళ్ళో, అంటే చర్చిలో, బల్ల ముందు పోసేది. మిజోరంలో 1910 నుంచి ఇలాంటి పిడికెడు బియ్యంతోనే సంఘాలు సేవ నడిపిస్తున్నాయి.

కోశాధికారి_గుంటూరు: 14 ఏళ్ళు సంఘం లెక్కలు రాసినవాణ్ణి, అందుకే చెప్తున్నా. బియ్యం తర్వాత, ముందు దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు. అదీ కటింగ్‌లు పోకముందు జీతం మీద. చేతికొచ్చిన దాని మీద ఇస్తే అది పదోవంతు కాదు.

బెంగళూరు_బ్రదర్: పీఎఫ్ రిటైరయ్యాక చేతికొస్తుంది అంకుల్. అప్పుడు మళ్ళీ ఇవ్వాలా? ఒకే డబ్బు మీద రెండుసార్లా?

కోశాధికారి_గుంటూరు: దేవుడి దగ్గర బేరాలా? మలాకీ 3:10 చదవండి, పదోవంతు అంతా మందిరానికి తెమ్మని ఉంది.

బెంగళూరు_బ్రదర్: మత్తయి 23:23 కూడా చదవండి. పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదోవంతు లెక్కకట్టి కనికరం వదిలేసినవాళ్ళని ప్రభువు ఏమన్నాడు? మా అమ్మ ఆస్పత్రిలో ఉన్న మూడు నెలలు నేను దశమభాగం ఇవ్వలేదు. ఒక పెద్దాయన అందరి ముందు అడిగాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

కోశాధికారి_గుంటూరు: అలా అడగడం తప్పే బాబూ, బాధగా ఉంది. కానీ ఆ వచనం చివర ‘వాటిని మానక’ అని కూడా ఉంది.

కోనసీమ_రైతు: జీతాల గొడవ ఆపండయ్యా. నేను కౌలు రైతుని, నా పదోవంతు కౌలు కట్టకముందా, కట్టాకా? ఎవరూ చెప్పరు. లేవీయకాండం 19లో పొలం ఓరలు పూర్తిగా కొయ్యొద్దు, పరిగె ఏరుకోవద్దు, బీదలకి వదిలెయ్యమని ఉంది కదా. కోత మిషన్ వచ్చాక ఏరుకోవడానికి వెన్నులే ఉండట్లేదు. అందుకని కళ్ళంలోనే ఒక బస్తా పక్కన పెట్టి, మునుపు పరిగె ఏరుకున్న ఇళ్ళకి పంచుతున్నా.

భీమవరం_సిస్టర్: కోత అంటే గుర్తొచ్చింది, కోత పండుగకి అందరూ చర్చికి తెచ్చిన పంటని, కానుకల్ని వేలం వెయ్యడం ఆపాలి. మా దగ్గర ఒక ముసలమ్మ రెండు గుడ్లు తెచ్చింది. వేలం పాడేవాడు పైకెత్తి చూపించి ‘ఇవి ఎవరివో’ అని అందర్నీ నవ్వించాడు. ఆమె తల దించుకుని కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. మరుసటి ఏడాది రాలేదు.

మెదక్_వాసి: తప్పు ఆ మనిషిది, వేలానిది కాదు. మా ఊరి గుడికి రేకులు వేసింది వేలం డబ్బుతోనే, అక్కడ సొరకాయ కూడా ఐదొందలకి పాడుకుంటారు. ఇంకో మాట, 1924లో ప్రతిష్ఠ చేసిన మా మెదక్ చర్చి కడుతున్నప్పుడు మిషనరీ పోస్నెట్ దొరగారు కరువులో ఉన్నవాళ్ళకి పని చూపించి తిండి పెట్టారు. చేతిలో ఉన్నదాన్ని వాడటమంటే అదీ.

కోశాధికారి_గుంటూరు: వేలంలో పేర్లు చదవడం మేం ఎప్పుడో మానేశాం. పిడికెడు బియ్యం సంగతి మాత్రం నన్నడగండి, సగం పురుగు పట్టిన రేషన్ బియ్యమే వచ్చేది.

డోర్నకల్_అక్క: రేషన్ బియ్యమంటే అంత లోకువా అండీ? వాళ్ళు తినేదే అది! తాము తినేదాంట్లోంచే ఇచ్చారు. సన్నబియ్యం తినేవాళ్ళు పిడికెడు ఎంతమంది తెచ్చారో మీ లెక్కల పుస్తకంలో చూసి చెప్పండి.

కోశాధికారి_గుంటూరు: ...తక్కువేనమ్మా. ఒప్పుకుంటున్నా.

ఖమ్మం_చెల్లి: నేను నిన్ననే ఒక స్టీలు డబ్బా పెట్టాను అక్కా. మా ఆయన తన వంట రోజుల్లో మర్చిపోకుండా దాన్ని కుక్కర్ మీదే పెడుతున్నాడు. పురుగు పట్టకుండా ఏం వెయ్యాలి?

డోర్నకల్_అక్క: ఎండిన వేపాకు, రెండు ఎండుమిరపకాయలు వెయ్యమ్మా. నెలాఖరు దాకా మాత్రం ఉంచకు, ఏ వారానిది ఆ వారమే ఇచ్చెయ్యి.