కోతులు ఊళ్లోకి వచ్చేది ఆకలితోనా, అలవాటుతోనా?

గుట్టకింది టీచర్: ఎండాకాలంలో తునికి, మొర్రి, పాలపండ్లు ఉన్నన్ని రోజులు మా బడి వైపు కోతులు తక్కువ. అవి అయిపోయి వానలు పడ్డాయంటే మధ్యాహ్న భోజనం గంటకు గోడ మీద వరసగా కూర్చుంటాయి. మేడి, రావి కొట్టేసి టేకు, నీలగిరి పెట్టాం. అందులో కోతి తినేదేముంది? తప్పు మనది.

మక్కచేను: సార్, మా చేనుకు వచ్చేది సెప్టెంబరులో, కంకి పాలు పట్టగానే. అప్పుడే గుట్ట మీద సీతాఫలం మొదలవుతుంది. ఆకలైతే అది తినొచ్చుగా?

గుట్టకింది టీచర్: సీతాఫలం పండేదాకా ఎవరు ఉంచుతున్నారు? కాయ మీద కళ్లు విచ్చగానే కోసి గంపలకెత్తి పట్నం పంపుతున్నారు.

నిజాలరాయుడు: సీతాఫలం మన అడవి చెట్టే కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది.

మక్కచేను: మక్కజొన్నా అక్కడిదే. కోతి పాస్‌పోర్టు అడగదు. గుట్టంతా తిరిగి ఏరుకోవడం ఎందుకు, ఎకరం నిండా ఒక్కచోటే దొరుకుతుంటే? దవడలు నింపుకుని చెట్టెక్కుతాయి. ఒకటి తిని నాలుగు విరిచి పడేస్తాయి. పల్లికాయ మానేశా, కూరగాయలు మానేశా. ఈసారి మక్క కూడా మానేసి పత్తి వేశా, అది తినవని.

బైపాస్ రోడ్డు: శనివారం గుడి దగ్గర అరటిపండ్లు పంచేవాళ్లను ముందు ఆపండి. దానికి సీజన్ లేదు.

నిజాలరాయుడు: 2015లో తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటే హరితహారం మొదలుపెట్టినప్పటి నుంచి 'కోతులు వాపస్ పోవాలె' అని వింటూనే ఉన్నాం.

గుట్టకింది టీచర్: నిర్మల్‌లో 2020లో కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే కేంద్రం పెట్టారు, మంచిదే. కానీ తిండి చెట్లు లేకుండా ఏం చేసినా నిలవదు. పోయినేడు మా ఊరోళ్లం చందాలు వేసుకుని పట్టించి దూరంగా వదిలించాం. మూడు నెలల్లో ఇంకో గుంపు దిగింది.

మక్కచేను: దూరంగా అంటే ఎక్కడ?

గుట్టకింది టీచర్: అడవిలో.

మక్కచేను: ఏ అడవి సార్? పోయినేడు రాత్రిపూట వ్యాన్‌లో తెచ్చి మా చెరువుకట్ట మీద వదిలిపోయారు. మా పాత కోతులు మనిషిని చూస్తే ఉరికేవి. ఇవి మా అమ్మ చేతిలో సంచి గుంజాయి. పడి మోచెయ్యి విరిగింది. మీరు ఇక్కడ మేడిచెట్ల పాఠం చెప్తున్నారు.

గుట్టకింది టీచర్: అవి మా ఊరివేనని ఏం రుజువు? అడవిలో వదలమనే చెప్పాం. ఎక్కడ వదిలారో మేం చూడలేదు.

మక్కచేను: చూడలేదా, అడగలేదా?

బైపాస్ రోడ్డు: మా ఊళ్లోనూ రేపు చందాకు వస్తున్నారు. ఇంటికి ఐదువందలట. ఇవ్వాలా వద్దా?