పెర్ల్ సబ్‌రొటీన్‌కు రెండు అర్రేలను విడివిడిగా పంపడం ఎలా?

అందరికీ నమస్కారం. పాత, కొత్త ధరల జాబితాలను పోల్చే సబ్‌రొటీన్ (పేరుతో పిలిచే కోడ్ భాగం) ఒకటి పెర్ల్ ప్రోగ్రామింగ్ భాష 5.36లో రాస్తున్నాను. రెండు అర్రేలను నేరుగా పంపితే అవి @_లో (సబ్‌రొటీన్‌కు పంపిన విలువలు చేరే అర్రేలో) ఒకే వరుసగా కలిసిపోయి, విలువలన్నీ మొదటి అర్రేలోకే చేరుతున్నాయి, రెండవది ఖాళీగా మిగులుతోంది. బ్యాక్‌స్లాష్ పెట్టి రిఫరెన్సులుగా (అసలు అర్రేను చూపే సూచికలుగా) పంపితే విడివిడిగానే అందుతున్నాయి గానీ, లోపల షిఫ్ట్‌తో (అర్రే మొదటి విలువను తీసేసే ఫంక్షన్) ఒక్కొక్క విలువనూ తీస్తూ పోతే పిలిచిన చోట ఉన్న అసలు అర్రే కూడా ఖాళీ అవుతోంది. లక్షల వరుసలను పిలిచిన ప్రతిసారీ కాపీ చేయడం దండగనిపిస్తోంది. ప్రోటోటైప్ (సబ్‌రొటీన్ ఎలాంటి విలువలు తీసుకోవాలో ముందే చెప్పే గుర్తు) ఒక దారే. అయితే మెథడ్‌గా (ఆబ్జెక్ట్ లేదా క్లాస్ ద్వారా) పిలిస్తే పెర్ల్ దాన్ని పట్టించుకోదు, ఈ కోడేమో త్వరలో మాడ్యూల్‌లోకి వెళ్లి మెథడ్ కావలసినదే. రిఫరెన్సులే పంపి, షిఫ్ట్‌కు బదులు ఇండెక్సులతో నడవడం సరైన పద్ధతేనా, లేక అసలు అర్రే మారకుండా కాపాడే మార్గం ఇంకేదైనా ఉందా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.